ఎనిమిది ఎర్ర దారాలు

'నా సంగీత ప్రస్థానం' అనే శీర్షికతో రెండు పుటలు రాసి పంపమని పూర్వ విద్యార్థుల సమ్మేళన నిర్వాహక సంఘం వారు కోరినప్పుడు, విజయనగరంలోని మన మహారాజా సంగీత కళాశాలలో గడిపిన ఏళ్లన్నిటినీ వరుసగా గుర్తు చేసుకుందామని కూర్చున్నాను. కానీ జ్ఞాపకం ఫిడేలు తరగతి జరిగిన మూలగది గడప దాటి రావడం లేదు. మృదంగం తరగతిలో పాము సంగతి, వార్షికోత్సవం నాటి తంబురా సంగతి నాకంటె బాగా రాయగలవారు మనలో ఉన్నారు. నేను ఫిడేలు మాస్టారి గురించే రాస్తాను.

ఆ ఏడాది త్యాగరాజ ఆరాధనకు శ్రీరాగ పంచరత్నాన్ని, అంటే 'ఎందరో మహానుభావులు' కృతిని, ఫిడేలు నేర్చుకునే మా నలుగురి చేతా కలిపి వాయించాలని మాస్టారు నిశ్చయించారు. నాలుగు ఫిడేళ్లూ శ్రుతి చేసుకుని, పల్లవి ఎత్తుకుని, మొదటి ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, పూర్తి కాకముందే ఆయన చెయ్యెత్తి ఆపేశారు. "ఒరే, నలుగురు వాయిస్తే నాలుగు ఫిడేళ్లు వినిపిస్తున్నాయిరా. ఒక్కటి వినిపించాలి" అన్నారు. మరునాడు ఎర్ర దారపు ఉండ తెచ్చి, తీగల మీద నడిపే మా కమానుల కర్రలకు సమాన దూరంలో ఎనిమిదేసి దారాలు ఆయనే స్వయంగా కట్టారు. ఆదితాళంలో అక్షరానికొక దారం. కమాను ఈ కొస నుంచి ఆ కొసకు చేరేసరికి ఒక ఆవర్తనం పూర్తి కావాలి, నలుగురి కమానులూ ఒకే దారం దగ్గర ఉండాలి, వాయించేది మంద్రషడ్జం, అంటే కింది స్థాయి 'స', ఒక్కటే.

పదహారు రోజులు కృతి జోలికి వెళ్లనివ్వలేదు. కమాను పట్టు దగ్గర బరువుగా ఉంటుందనీ, కొసకు వెళ్లేకొద్దీ తేలికవుతుందనీ, చూపుడువేలి ఒత్తిడితో ఆ తేడాను పూడ్చకపోతే నాదం సన్నబడిపోతుందనీ పుస్తకంలో చదివితే ఒక్క నిమిషంలో తెలుస్తుంది. చేతికి తెలియడానికి మాకు ఆ రోజులన్నీ పట్టాయి. తరువాత ఒక కమానుకు రెండు ఆవర్తనాలు. ఆపైన, కమాను తిరిగిన చోటు చెవికి తెలియకూడదన్న నియమం. మా నలుగురిలో ఒకరు కన్నీళ్లు పెట్టుకున్నారు. అప్పుడు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ పేరు చెప్పను. పదిహేడో రోజున 'రిగరిస' అన్న నాలుగు స్వరాలు ఇచ్చారు. ఆ సాయంత్రం మూలగదిలో ఒక్క ఫిడేలు వినిపించింది. మాస్టారు ఏమీ అనలేదు, కిటికీ వైపు తిరిగి చాలాసేపు కూర్చున్నారు.

1919లో కళాశాల తెరిచిన నాటి నుంచి ద్వారం వెంకటస్వామి నాయుడుగారి కమాను నడిచిన చోటది. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారి తరువాత 1936లో కళాశాల అధ్యక్ష పదవి కూడా ఆయనకే వచ్చింది. పక్కవాద్యంగా ఉన్న ఫిడేలును కచేరీ నడుమ కూర్చోబెట్టిన మనిషి ఆయన. మన మాస్టారికి నాదం బాగుందనడానికి 'నాయుడుగారి కమాను' తప్ప వేరే మాట లేకపోయింది. ఆ మాట నాకు ఒక్కసారే దక్కింది.

ఆ తరువాత ఆకాశవాణి, గాత్రానికి సహకారం, రికార్డింగులు, ఇరవై ఏళ్లు. ఇప్పుడు హైదరాబాదులో పన్నెండు ఫిడేళ్లు, ఫిడేలు జాతివే అయినా అంతకంటె పెద్దవైన రెండు వయోలాలు, రెండు చెల్లోలు గల బృందాన్ని నడుపుతున్నాను. చెల్లో వాయించే ఇద్దరూ పాశ్చాత్య పద్ధతిలో చదువుకున్నవారు. వారి తీగలకు నడుమ అన్నిచోట్లా పంచమమే ('స' నుంచి 'ప' దాకా) దూరం కాగా, మన స-ప-స-ప శ్రుతిలో నడిమి దూరం మధ్యమం ('స' నుంచి 'మ' దాకా). ఆ కొత్త వరుసకు వారి వేళ్లు అలవాటు పడటానికి కొన్ని నెలలు పట్టింది. అంతకంటె కష్టమైనది గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం. తోడి రాగంలోని గాంధారాన్ని పదహారు చేతులు పదహారు వేగాలతో ఊపితే రాగం ముద్దైపోతుంది. కనుక ఏ స్వరానికి ఎన్ని ఊపులో, కమాను ఎక్కడ తిరగాలో స్వరలిపి కిందనే గుర్తులు పెట్టి ఇస్తాను. ఆలాపన మాత్రం ఒక్కరే చేస్తారు, మిగిలినవారంతా మంద్రషడ్జం పట్టుకుని ఉంటారు. ఆ షడ్జాన్ని నిలబెట్టడమే మా బృందంలో అన్నిటికంటె పెద్ద పని అని నా నమ్మకం. కొత్తగా చేరినవారు ఎంత విద్వాంసులైనా మొదటి వారం వాయించేది అదొక్కటే. కచేరీ అయ్యాక 'ఎన్ని ఫిడేళ్లో తెలియలేదండీ' అని శ్రోతలెవరైనా అంటే, ఆ రాత్రి ఆనందంతో నాకు నిద్ర పట్టదు.

సమ్మేళనానికి బృందంతోనే వస్తున్నాను. నిర్వాహకులు దయచేసి మూలగది తాళం ముందురోజే తీయించి ఉంచాలి. మిగతా ముగ్గురికీ మనవి, ఎన్నేళ్లుగా వాయించకపోయినా సరే, మీ ఫిడేళ్లు వెంట తెచ్చుకోండి. ఎర్ర దారం నేను తెస్తాను.