ప్లాన్ గీయకముందే పిల్లల్ని పిలిచాం

నేను ఆర్కిటెక్ట్‌ని. ఒక బడి పక్కన వాడకంలో లేని స్థలాన్ని పార్కుగా మార్చే పని మాకు వచ్చినప్పుడు, ప్లాన్ గీయకముందే పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలతో వర్క్‌షాప్ పెట్టాలని పట్టుబట్టాను. తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకుందని 1989 నాటి ఐరాస బాలల హక్కుల ఒప్పందం 12వ అధికరణంలోనే ఉంది.

ముందు అధికారులతో కూర్చుని ఏవి మార్చవచ్చో, ఏవి కుదరవో తేల్చుకున్నాను. పెద్ద చెట్లు, నేల కింది డ్రైనేజీ లైను కదలవు. దారులు, గేట్లు, లైట్లు, కూర్చునే చోట్లు, ఆటస్థలం పిల్లల ఇష్టం. ఈ మాట మొదటిరోజే వాళ్లకి చెప్పేశాం. పిల్లల భాగస్వామ్యం మీద పరిశోధన చేసిన రోజర్ హార్ట్ 1992లో యునిసెఫ్ కోసం రాస్తూ పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించాడు. అందులో కింది మూడు మెట్లు అసలు భాగస్వామ్యమే కాదన్నాడు. పిల్లల్ని అలంకారంగా నిలబెట్టడం, మొక్కుబడిగా మాట్లాడించడం అందులోవే. ఫొటోల కోసం రంగులిచ్చి కూర్చోబెట్టే కార్యక్రమాలంటే నాకూ ఒళ్లు మండుతుంది.

పిల్లలు స్థలమంతా నడిచి, భయం వేసే చోట్లు, ఆగాలనిపించే చోట్లు మ్యాపులో గుర్తుపెట్టారు. తర్వాత అట్టతో 1:50 స్కేల్ మోడల్, అంటే అసలు కొలతల్లో యాభయ్యో వంతుది, మొదలైంది. మొదట అన్నీ కోటలు, ఈతకొలనులే. అడ్డు చెప్పలేదు. మూడు సెంటీమీటర్ల కాగితపు మనుషుల్ని కత్తిరించి లోపల నిలబెట్టమన్నాక మాటలు మారిపోయాయి. మేం మూల చెట్టు కింద అనుకున్న బెంచీని ఒకమ్మాయి తీసి గేటు దగ్గర అంటించింది. "అక్కడ కూర్చుంటే మేం ఎవరికీ కనబడం సర్. ఇక్కడైతే రోడ్డు మీదవాళ్లకి కనబడతాం, వచ్చేవాళ్లు మాకూ కనబడతారు" అంది. నీడ గురించి ఆలోచించిన మాకు ఆ సంగతి తట్టలేదు. 1990ల్లో వియన్నాలో, ఒక వయసు దాటాక ఆడపిల్లలు పార్కులకి రావడం తగ్గిపోతోందని గమనించి, రెండు పార్కుల్ని వాళ్లని దృష్టిలో పెట్టుకునే మళ్లీ డిజైన్ చేశారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది సుద్దముక్కలు, తాడు, టేపుతో నేల మీదే అసలు కొలతల్లో గీయించడం. మోడల్‌లో ముచ్చటగా ఇమిడిన ఆటల కోర్టు అక్కడ నడకదారిని సగం మింగేసింది. ఎవరూ చెప్పకుండానే చెరిపి, అడ్డంగా తిప్పి గీసుకున్నారు.

పిల్లలు తమ ప్రతిపాదనల్ని అధికారుల ముందు చెప్పాల్సిన రోజు అందరికీ టెన్షనే. అయినా ఖర్చు సంగతి అడిగితే, ముందు లైట్లు, తర్వాతే కోర్టు అని తడబడకుండా చెప్పారు.

ఆ తర్వాతి పనిని చాలామంది వదిలేస్తారు. ప్రతి ప్రతిపాదన ఏమైందో, ఎందుకో కాగితం మీద రాసి పిల్లలకి ఇచ్చాం. గేటు దగ్గర బెంచీ ఫైనల్ డ్రాయింగ్‌లోకి వచ్చింది. వాహనాల రద్దీ వల్ల రెండో గేటు కుదరలేదు. అది చదివి వాళ్లు ఊరుకోలేదు, ఆ రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ కావాలని అర్జీ రాసి తామే వెళ్లి ఇచ్చొచ్చారు.