బ్యాడ్జి తిప్పి పెట్టుకున్న ఆవిడ

శాన్ ఫ్రాన్సిస్కోలో ఆర్‌ఎస్‌ఏ వారం, అంటే సైబర్ భద్రత రంగం వాళ్ల పెద్ద వార్షిక సభ జరిగే వారం, హోటళ్లకు పండగే. సభ జరిగే మోస్కోనీ సెంటర్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఒక మామూలు గదికి నాకు చెప్పిన అద్దె రాత్రికి 500 డాలర్ల పైనే. పోనీ ఆ డబ్బుకు తగ్గ గదా అంటే, మంచం పక్కన పెట్టె తెరిచే చోటు కూడా లేదు. ఆ ఊళ్లో సభలకు వెళ్లినవాళ్లెవరికీ ఇది కొత్త కాదు కానీ, ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. ఎయిర్‌పోర్టు పక్కన శాన్ బ్రూనోలో దిగి, రోజూ బార్ట్ అనే లోకల్ రైలెక్కి పవెల్ స్ట్రీట్ స్టేషన్‌కు వెళ్లి వచ్చాను.

మాది లాగిన్ భద్రత సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీ. 2025 ఏప్రిల్ చివర్లో జరిగిన ఆ సభలో మావాళ్లు ఓ మూల చిన్న స్టాల్ తీసుకున్నారు. అక్కడ నిలబడటం సేల్స్ వాళ్ల పని. నాకు అప్పజెప్పింది వేరు. సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కొనేవాళ్లు ఏం చూసి కొంటారు, ఎక్కడ వెనక్కి తగ్గుతారు, ఎవరి మాట నమ్ముతారు? ఇవి తెలుసుకుని రమ్మన్నారు.

మోస్కోనీ నార్త్, సౌత్ హాళ్లు హోవార్డ్ స్ట్రీట్ అడుగున ఒకటైపోతాయి. ఎస్కలేటర్ దిగితే ఇక పగలో రాత్రో తెలియదు. 1991లో క్రిప్టోగ్రఫీ తెలిసిన కొద్దిమంది కలుసుకోవడానికి మొదలైన సభ ఇది. ఇప్పుడు 40,000 మందికి పైగా వస్తారు, 600కు పైగా కంపెనీలు దుకాణాలు పెడతాయి. తిరునాళ్లలో లాగే ఎవరి మైకు వాళ్లది. ఒకచోట ఇంద్రజాలికుడు పేకముక్కలు తిప్పుతున్నాడు, ఇంకోచోట సాక్సులు పంచుతున్నారు. ఆ ఏడాది గోడల నిండా ఒకటే మాట, ఏజెంటిక్ ఏఐ, అంటే తనంతట తానే పనులు చేసుకుపోయే ఏఐ. నేను వరసగా కొన్ని స్టాళ్ల ముందు నిలబడి, కంపెనీ పేరు చూడకుండా గోడ మీది రాత మాత్రం చదివి, వీళ్లు అమ్మేదేమిటో చెప్పగలనా అని చూశాను. చాలా చోట్ల చెప్పలేకపోయాను. ఈ రంగంలోనే పనిచేస్తున్న మనిషిని, నాకే తెలియకపోతే కొనడానికి వచ్చినవాళ్లకు ఏం తెలుస్తుంది?

అంతకంటే చిరాకు పెట్టింది స్కానర్. మెడలో వేలాడే బ్యాడ్జి మీద ఒక కోడ్ ఉంటుంది. సాక్సులు కావాలన్నా, నీళ్ల సీసా కావాలన్నా ముందు దాన్ని స్కాన్ చేస్తారు. ఆ పేరు వెళ్లి "లీడ్", అంటే కొనొచ్చనుకునేవాళ్ల జాబితాలో పడుతుంది. సాయంత్రం ఎన్ని స్కాన్లు వచ్చాయో లెక్క చూసుకుని సంతోషిస్తారు. సాక్సుల కోసం ఆగిన విద్యార్థి, పక్క స్టాల్ నుంచి తొంగిచూడటానికి వచ్చిన పోటీ కంపెనీ మనిషి, నిజంగా బడ్జెట్ చేతిలో ఉన్న అధికారి, ముగ్గురూ అందులో ఒకటే. వారం తిరక్కుండా ముగ్గురికీ ఒకే మెయిల్, ఒకే ఫోన్ వెళుతుంది.

రెండు హాళ్లూ తిరుగుతుంటే ఒకటి కంటపడింది. కొందరు బ్యాడ్జిని వెనక్కి తిప్పి, పేరూ కంపెనీ కనిపించకుండా పెట్టుకుని తిరుగుతున్నారు. పలకరిస్తే నవ్వి పక్కకు తప్పుకుంటారు. అందరూ వెతుకుతున్నది వీళ్ల కోసమేనని, వీళ్లు అందరి నుంచీ దాక్కుంటున్నారని కాసేపటికి అర్థమైంది. అంత పెద్ద సంతలో కొనేవాడు మొహం చాటేసుకుని తిరుగుతున్నాడంటే లోపం సరుకులో కాదు, అమ్మే పద్ధతిలో ఉంది.

ఉపన్యాసాల సంగతి రాయను, అవన్నీ వీడియోల్లో దొరుకుతాయి. నడవాల్లో మాత్రం అందరూ ఒక ఉత్తరం గురించి మాట్లాడుకున్నారు. జేపీ మోర్గాన్ చేజ్ సెక్యూరిటీ అధిపతి పాట్రిక్ ఓపెట్ ఆ సభకు కాస్త ముందే సాఫ్ట్‌వేర్ సరఫరాదారులకు ఒక బహిరంగ లేఖ రాశారు. కొత్త ఫీచర్ల తొందర తగ్గించి ముందు మీ సాఫ్ట్‌వేర్‌ను భద్రంగా చేయండి అన్నది దాని సారాంశం. ఎన్నో కోట్ల డాలర్ల సాఫ్ట్‌వేర్ కొనే సంస్థ నుంచి, ఏం కావాలో అంత తేటగా అచ్చులో వచ్చింది. హాల్లో నేను చదివిన గోడల మీద ఒక్కదానిలోనూ దానికి జవాబు కనిపించలేదు.

చివరి రోజు సాయంత్రం పెట్టె పట్టుకుని పవెల్ స్ట్రీట్‌లో ఎయిర్‌పోర్టు రైలెక్కాను. టికెట్ 10 డాలర్ల పైమాటే. అంత దూరానికి అంత డబ్బా అని ఒకసారి అనిపించినా, ఆ వారం టాక్సీలు అడిగే ధరతో పోలిస్తే నయం. ఇంటికి ఫోన్ చేసి బయల్దేరానని చెప్పి పెట్టేశాను. ఎదురు సీట్లో కూర్చున్నావిడ నవ్వి, "తెలుగువారా?" అని అడిగారు. యాభై ఏళ్లు దాటి ఉంటాయి. మెడలో అదే సభ బ్యాడ్జి, వెనక్కి తిప్పి ఉంది.

నేను దానివైపు చూడటం గమనించి, "తీసేస్తే పోతుంది కదా, అలవాటైపోయింది" అన్నారు. ఒక ఆసుపత్రుల గొలుసులో సెక్యూరిటీ అధిపతి, ఈ రంగంలో సీసో అంటాం. నేను అమ్మే వైపు మనిషినని ముందే చెప్పేశాను. దాచి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. "ఫరవాలేదండీ, రైల్లో స్కానర్ లేదు కదా" అన్నారు.

మీరు నిజంగా ఎప్పుడు కొంటారు అని అడిగాను. ఆవిడ 2024 ఫిబ్రవరి నుంచి మొదలుపెట్టారు. అమెరికాలో ఆసుపత్రుల బిల్లులు నడిపే చేంజ్ హెల్త్‌కేర్ మీద రాన్సమ్‌వేర్ దాడి (కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగే దాడి) జరిగిన నెల అది. దొంగిలించిన పాస్‌వర్డ్‌తో ఒక రిమోట్ పోర్టల్ లోంచి లోపలికి వచ్చారు, ఆ పోర్టల్‌కు ఎంఎఫ్‌ఏ, అంటే పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండో నిర్ధారణ, లేదు. మాతృసంస్థ సీఈఓ ఆ మేలో అమెరికా చట్టసభ ముందు ఈ సంగతి ఒప్పుకున్నారు. 2.2 కోట్ల డాలర్లు చెల్లించినట్టూ చెప్పారు. దాదాపు 19 కోట్ల మంది వివరాలు బయటపడ్డాయని తర్వాత లెక్క తేలింది.

"ఆ వారం మా బోర్డు నన్ను పిలిచి అడిగింది ఒక్కటే. ఎంఎఫ్‌ఏ లేని తలుపులు మనకెన్ని ఉన్నాయి? నేను అంతకుముందు ఎంత మొత్తుకున్నా రాని డబ్బు అప్పుడు వచ్చింది. మీవాళ్లు అనుకున్నట్టు నేను బ్రోచర్ చూసి కొననండీ. మాలాంటి సంస్థకు దెబ్బ తగిలినప్పుడు, ఇన్సూరెన్సు వాళ్లు ఫారం పంపినప్పుడు, ఆడిటర్ ఎర్రగీత పెట్టినప్పుడు, పాత కాంట్రాక్టు ముగిసేటప్పుడు కొంటాను. ఆ నాలుగూ లేని రోజున నాకు ఫోన్ చేస్తే ఎంత మంచి ప్రొడక్ట్ అయినా నా దగ్గర డబ్బు లేదు, టైమ్ అసలే లేదు."

ఇంటిని తాకిన నిప్పును చూపించి భయపెట్టే ప్రకటనల గురించి అడిగాను. భయం తనకు కొత్తగా నేర్పనక్కర్లేదన్నారు. ఉబర్ మాజీ సెక్యూరిటీ అధిపతి జో సల్లివాన్‌కు డేటా చోరీని దాచిన కేసులో 2022లో శిక్షార్హ నేరం రుజువైంది, 2023లో మూడేళ్ల ప్రొబేషన్ పడింది, 2025 మార్చిలో అప్పీలు కోర్టు కూడా దాన్ని ఖాయం చేసింది. సోలార్‌విండ్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ కేసులో అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2023లో కంపెనీతో పాటు సెక్యూరిటీ అధిపతి టిమ్ బ్రౌన్ పేరు కూడా చేర్చింది. (ఆ కేసులో చాలా ఆరోపణలను 2024లో జడ్జి కొట్టేశారు, మిగిలినవి 2025 నవంబరులో ఎస్‌ఈసీయే వెనక్కి తీసుకుంది.) "ఆ రెండు కేసులూ మాలో ప్రతివాళ్లూ లైను లైను చదివాం. రేపు ఏదైనా జరిగితే, ఎందుకు ఇది కొన్నావు, ఎందుకు అది కొనలేదు అని అడిగితే నా దగ్గర కాగితం ఉండాలి. ఆ కాగితం ఇచ్చేవాళ్ల దగ్గర కొంటాను."

రైలు సొరంగం దాటి బాల్బోవా పార్క్ దగ్గర వెలుతురులోకి వచ్చింది. ఆవిడ ఇంకా వేగంగా చెప్పసాగారు, దిగేలోపు అంతా చెప్పేయాలన్నట్టు.

కొనాలని తాను అనుకోవడం మొదటి మెట్టేనట. ఆ తర్వాత అసలు కథ. నర్సింగ్ విభాగం అధిపతి అడిగే మొదటి మాట, లాగిన్‌కు ఎన్ని సెకన్లు పెరుగుతుంది? వార్డులో ఒక కంప్యూటర్ దగ్గరికి రోజంతా ఎంతోమంది నర్సులు వచ్చి పోతుంటారు. అక్కడ పది సెకన్లు కూడా పెద్ద గొడవ. స్కానింగ్ యంత్రాల్లో కొన్ని పాత విండోస్ మీద నడుస్తాయి, వాటి మీద ఏ ఏజెంటూ (మెషిన్ లోపల కూర్చుని కాపలా కాసే సాఫ్ట్‌వేర్) ఎక్కించనివ్వరు. లీగల్ వాళ్లు రోగుల డేటా ఒప్పందం ముందు పెడతారు. కొనుగోళ్ల విభాగం ధర తగ్గించమంటుంది. చివరికి ఫైనాన్స్ అధిపతి, ఇది తీసుకుంటే ఏ పాత ఖర్చు పోతుంది అని అడుగుతారు. "వీళ్లలో ఏ ఒక్కరికీ మీ కంపెనీ పేరు కూడా తెలియదు. వీళ్లందరికీ మీ తరఫున జవాబు చెప్పేది నేను. మీవాళ్లు నాకు ఎన్ని దాడులు పట్టుకుంటారో ఆ డిటెక్షన్ రేటు చెప్తారు. నాకు కావాల్సింది నర్సుకు చెప్పే జవాబు."

2024 జులై 19 కూడా ఆ మాటల్లోకి వచ్చింది. ఒక సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన తప్పు అప్‌డేట్‌తో ప్రపంచంలో 85 లక్షల విండోస్ మెషిన్లు ఆగిపోయిన రోజు, ఆ లెక్క తర్వాత మైక్రోసాఫ్ట్ కట్టింది. చాలావాటిని ఒక్కొక్కటిగా సేఫ్ మోడ్‌లో తెరిచి చేత్తో బాగుచేయాల్సి వచ్చింది. ఆవిడ మనుషులు మెట్లెక్కి దిగుతూ వార్డు వార్డు తిరిగారట. అప్పటి నుంచి ప్రతి అమ్మకందారునీ ముందు ఇదే అడుగుతారు. మీ అప్‌డేట్ ముందు నా దగ్గరున్న కొద్ది మెషిన్ల మీదే వచ్చేలా నేను ఆపగలనా? వెంటనే వెనక్కి తీయగలనా? "ఈ సభలో అడిగినచోటల్లా సమాధానానికి ఇంకెవరినో పిలుచుకొచ్చారు. అంటే నాకంటే ముందు ఎవరూ అడగలేదన్నమాట, లేదా అడిగినవాళ్లకు జవాబు దొరక్క వెళ్లిపోయారు."

నేను మార్కెటింగ్‌లోకి రాకముందు ఒక సాక్‌లో, అంటే దాడుల మీద రాత్రింబవళ్లు నిఘా పెట్టే కేంద్రంలో, నైట్ షిఫ్టులు చేశాను. తెల్లవారుజామున స్క్రీన్ మీద అలర్ట్‌లు వరదలా వచ్చిపడేవి, వాటిలో నిజమైనది ఏదో తేల్చే మనిషిని ఒక్కడినే. కొత్త టూల్ వచ్చిందంటే ఇంకో స్క్రీన్ పెరిగిందనే అర్థం. ఆవిడతో అదే చెప్పాను. ఆవిడ తల ఊపి, "మీ ప్రొడక్ట్ ధర సంగతి తర్వాత చూసుకుంటాను, దాన్ని చూసుకునే మనిషి జీతం ఎవరిస్తారో ముందు చెప్పమనండి" అన్నారు. అమ్మేవాళ్ల లెక్కల్లో ఈ జీతం ఎక్కడా ఉండదు, కొనేవాళ్ల లెక్కలో మొదట ఉండేది అదే.

మరి ఎవరి మాట నమ్ముతారు? ఇతర ఆసుపత్రుల్లో ఇదే కుర్చీలో ఉన్నవాళ్ల మాట. ఆరోగ్య సంస్థలు దాడుల సమాచారం పంచుకునే హెల్త్ ఐసాక్ లాంటి సంఘాల్లో ఒకరికొకరు తెలిసినవాళ్లు. అక్కడ ఒకరు "ఫలానాది పెట్టాం, సపోర్ట్ బాగాలేదు" అంటే కంపెనీ కథ ముగిసినట్టే. రేటింగ్ సంస్థల చార్టులు బోర్డుకు చూపించడానికి వాడుకుంటారు, తన మనసు మార్చుకోవడానికి కాదు. రిఫరెన్స్ అడిగితే కంపెనీలు సంతోషంగా ఉన్న కస్టమర్‌నే ఇస్తాయి. ఆవిడకు మాత్రం వదిలేసి వెళ్లిపోయిన కస్టమర్‌తో మాట్లాడాలని ఉంటుందట. ఈ కోరిక మొదట నాకు మింగుడుపడలేదు. ఆలోచిస్తే న్యాయమే అనిపించింది. ఎందుకు వదిలేశారో దాచకుండా చెప్పే కంపెనీ, రేపు ప్రమాదం జరిగినా దాచదని నమ్మొచ్చు.

ఒక్క విషయంలో మాత్రం ఆవిడతో వాదించాను. ధరలు వెబ్‌సైట్‌లో పెట్టాలని పట్టుబట్టారు. యూజర్ల సంఖ్య, పాత సిస్టమ్‌లు, ఎంత సపోర్ట్ కావాలి, వీటిని బట్టి ధర మారుతుంది కదా అన్నాను. "కచ్చితమైన అంకె అక్కర్లేదండీ. నా బడ్జెట్‌కు అందేదా కాదా తెలిసేంత చాలు. లేకపోతే ఆ ఒక్క ముక్క కోసం నేను గంటసేపు డెమో చూడాలి, మీరు గంటసేపు చూపించాలి." దీనికి నా దగ్గర జవాబు లేదు.

ఎయిర్‌పోర్టులో రైలు ఇంటర్నేషనల్ టెర్మినల్ దగ్గర ఆగుతుంది. ఆవిడ ఎయిర్‌ట్రెయిన్ ఎక్కి డొమెస్టిక్ వైపు వెళ్లాలి. ఫోన్ నంబరు అడగలేదు. ఆ వారమంతా ఎంతోమంది అడిగి ఉంటారు. వెళ్తూ వెళ్తూ, డాక్యుమెంట్లు చదవడానికి ఫోన్ నంబరు అడిగే ఫారం మాత్రం తీసేయించమన్నారు.

గేటు దగ్గర విమానం కోసం కూర్చుని ఉండగానే మావాళ్లకు నోట్ రాశాను. స్కాన్ జాబితాలో డెమో అడిగినవాళ్లకు తప్ప ఎవరికీ ఫోన్ చేయొద్దు. మిగతావాళ్లకు ఒకే ఒక మెయిల్, అందులో ఫారం లేకుండా తెరుచుకునే డాక్యుమెంట్లు, సాక్ 2 రిపోర్ట్ (మా భద్రత మీద బయటి ఆడిటర్ ఇచ్చే నివేదిక) ఎలా తెప్పించుకోవాలో, అప్‌డేట్‌ను ఎలా ఆపాలో, ఎలా వెనక్కి తీయాలో. లాగిన్‌కు పెరిగే సమయాన్ని ఆసుపత్రి, ఫ్యాక్టరీ, కాల్ సెంటర్‌లకు విడివిడిగా కొలిచి చెప్పే పేజీ ఒకటి. మా సాఫ్ట్‌వేర్ ఏ సిస్టమ్‌ల మీద పనిచేయదో చెప్పే పేజీ ఇంకొకటి. ఫైనాన్స్ అధిపతికి యథాతథంగా పంపుకునేలా మా లోగో లేని ఒక పేజీ సారాంశం.

డాక్యుమెంట్ల మీది ఫారం తీసేశారు. పనిచేయని సిస్టమ్‌ల పేజీ మీద సేల్స్ వాళ్లు మొదట గింజుకున్నారు, పోటీవాళ్లు వాడుకుంటారని. అయినా పెట్టాం. ఇప్పుడు డెమోకు వచ్చేవాళ్లు ఆ పేజీ చదివే వస్తున్నారు, మొదటి మీటింగ్‌లోనే తమ దగ్గరున్న పాత యంత్రాల గురించి అడుగుతున్నారు. ధరల విషయం మాత్రం తెగలేదు. మా సేల్స్ హెడ్ ఒప్పుకోవడం లేదు, నేనూ వదిలిపెట్టడం లేదు. వచ్చే త్రైమాసికం బడ్జెట్ మీటింగ్‌లో ఆ ప్రతిపాదన మళ్లీ పెడుతున్నాను.