బెత్లెహేము దారిలో ఎర్ర బోర్డు

2019లో అమ్మను హోలీ ల్యాండ్ టూర్‌కి తీసుకెళ్లాను. యెరూషలేము నుంచి బెత్లెహేముకి పది కిలోమీటర్లే. చెక్‌పోస్టుకు ముందే మా యూదు గైడ్ బస్సు దిగిపోయాడు. ఇజ్రాయెల్ కట్టిన గోడ దాటాక పాలస్తీనా గైడ్ ఎక్కాడు. ఎందుకో రోడ్డు పక్క ఎర్ర బోర్డు చూశాక తెలిసింది: ఇది ‘ఏ’ ప్రాంతం, ఇజ్రాయెల్ పౌరులు రాకూడదు, ప్రాణాపాయం.

బెత్లెహేము ఉన్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్‌ను ఇలా ఏ, బీ, సీ ముక్కలు చేసింది ఇజ్రాయెల్, పాలస్తీనా నేతల మధ్య 1995లో కుదిరిన ఒప్పందం. ‘ఏ’ పాలస్తీనా పాలనలో, ‘సీ’ ఇజ్రాయెల్ చేతిలో, ‘బీ’ ఇద్దరి మధ్య. తాత్కాలికమే అన్నారు. సరిహద్దు, యెరూషలేము, శరణార్థులు, సెటిల్‌మెంట్లు (వెస్ట్ బ్యాంక్‌లో ఇజ్రాయెల్ యూదుల కాలనీలు)... కష్టమైనవన్నీ తర్వాత చూద్దాం అని పక్కన పెట్టారు. (మన ఇళ్లలో ఆస్తి పంపకాలూ ఇలాగే చెడతాయి.) అదే ఏడాది నవంబరులో ఒప్పందం చేసుకున్న ఇజ్రాయెల్ ప్రధాని రబీన్‌ను యూదు తీవ్రవాదే కాల్చి చంపాడు. పాలస్తీనా సాయుధ సంస్థ హమాస్ ఆత్మాహుతి దాడులతో ఇజ్రాయెల్‌లో బస్సులు పేలాయి. 1993లో వెస్ట్ బ్యాంక్‌లో లక్ష పైచిలుకు ఉన్న సెటిలర్లు ఇప్పుడు ఐదు లక్షలు దాటారు. ఇక సరిహద్దు గీత ఎక్కడని గీస్తారు?

ఐదా శరణార్థి శిబిరం గేటు మీద పేద్ద తాళంచెవి ఉంది. 1948లో వదిలొచ్చిన ఇళ్లకు గుర్తు. అమ్మ దాన్నే చూస్తూ, "ఆ ఇళ్లు ఇంకా ఉన్నాయా నాయనా?" అంది. గైడ్‌కి ఇంగ్లీషులో చెప్పాను. "మా తాతగారి ఇల్లు లేదు, తాళంచెవి మాత్రం ఉంది" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు మొదటి గైడ్ మళ్లీ ఎక్కాడు. అవతలి గైడ్‌తో వారానికి రెండు మూడుసార్లు ఫోన్లో మాట్లాడతాడట, బస్సు టైమింగ్ కోసం. మనిషిని మాత్రం ఎప్పుడూ చూడలేదట.