150 సార్లు పనిమనిషి

హ్యూస్టన్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో, మెక్సికో నుంచి వలస వచ్చిన దంపతుల కూతురైన మా అకౌంట్స్ మేనేజర్ మీటింగు గదికి అందరికన్నా ముందే వచ్చి కాగితాలు సర్దుకుంటుంటే, బయటి సంస్థ నుంచి వచ్చిన ఒకాయన ఖాళీ కాఫీ కప్పు ఆమె చేతిలో పెట్టి, బల్ల తుడవమన్నాడు. ఆమె కప్పును పక్కన పెట్టి, తన పేరూ హోదా చెప్పి, మీటింగు మొదలుపెట్టింది. నాకు తల కొట్టేసినట్టయింది, ఎందుకంటే ఆమెను తొలిసారి చూసినప్పుడు నేనూ అలాగే పొరబడ్డాను. ఆ ఊళ్లో పదిమందిలో నలుగురికి పైగా హిస్పానిక్ మూలాలవారే, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల నుంచి వచ్చిన కుటుంబాలవారే అయినా, హైదరాబాదులో కూర్చుని అమెరికన్ సీరియళ్లు చూసిన నాకు తెలిసిన లాటినాలు (లాటిన్ అమెరికా మూలాలున్న ఆడవాళ్లు) ఇల్లు ఊడ్చే పనిమనిషి, అయినదానికీ కానిదానికీ అరిచే అందగత్తె మాత్రమే.

ఆ అందగత్తె వేషం పాతదే. 1940లలో మెక్సికన్ నటి లూపే వెలెజ్ నటించిన వరుస హాస్యచిత్రాలకు ‘మెక్సికన్ స్పిట్‌ఫైర్’ అనే పేరు పెట్టారు, అంటే నిప్పులు కక్కే మెక్సికన్ పిల్ల అని. ‘వెస్ట్ సైడ్ స్టోరీ’కి ఆస్కార్ అందుకున్న ప్యూర్టోరికో నటి రీటా మొరేనోకు ఆ తర్వాత కూడా అదే మూసలోని వేషాలే వచ్చాయి.

మెక్సికన్ మూలాలున్న లూపే ఒంటివెరోస్ గురించి నాకు చెప్పింది మా మేనేజరే. టెక్సాస్‌లోని ఎల్ పాసోలో పుట్టి, డిగ్రీ చదివి, సామాజిక కార్యకర్తగా పనిచేసిన ఆ నటి, తన లెక్క ప్రకారం, దాదాపు 150 సార్లు పనిమనిషి వేషం వేసింది. ఇంగ్లీషు చక్కగా వచ్చిన మనిషి, ఆ వేషాల కోసం యాస తెచ్చిపెట్టుకుని మాట్లాడాల్సి వచ్చేది.

“మా అమ్మ నిజంగానే ఇళ్లు శుభ్రం చేసి నన్ను చదివించింది, అందులో సిగ్గుపడేదేమీ లేదు,” అంది మా మేనేజర్. “కానీ సినిమాలో అమ్మ తలుపు తీసి పక్కకు తప్పుకుంటుంది. రాత్రి వంటింట్లో కూర్చుని, నిఘంటువు పక్కన పెట్టుకుని, నా కాలేజీ దరఖాస్తు నింపిన అమ్మను ఎవరూ చూపించలేదు.”

2006లో అమెరికా ఫెరేరా అనే లాటినా నటి ‘అగ్లీ బెట్టీ’ సీరియల్లో బెట్టీ అనే పత్రికాఫీసు ఉద్యోగినిగా వచ్చినప్పుడు తల్లీకూతుళ్లు కలిసి చూసేవారట. బెట్టీ ఆఫీసులోకి అడుగుపెట్టినప్పుడల్లా వాళ్లమ్మ టీవీ వైపు వేలు చూపించి, “అదిగో, నువ్వే,” అనేదట.