విజిటింగ్ కార్డు మందం

"ఆ వైరు ముట్టుకోకు!" అని అరిచాడు మా ఓనరు. ఇంగ్లండ్‌లో ఈ బైకు రిపేరు షెడ్డులో చేరి ఏడు నెలలైంది, ఆయన గొంతు పెంచడం అదే మొదటిసారి. నా కుడిచేతిలో పది నంబరు స్పానరు, ఎడమచేతిలో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్. బండి స్టార్టయి ఉంది. నేను చేయబోయింది మన దగ్గర ఏ షెడ్డులోనైనా రోజుకి నాలుగుసార్లు చేసే పనే. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూస్తాం. బండి ఆగలేదా, ఛార్జింగ్ వస్తున్నట్టు. ఆగిందా, రానట్టు. ఐదు సెకన్ల పని.

అరుపుకి బాధపడలేదు. గుంటూరులో నాకు పని నేర్పిన మేస్త్రి చేతిలో స్పానరు దెబ్బలు తిన్నవాణ్ని, అరుపు ఒక లెక్కా? ఆ తర్వాత మామూలు గొంతుతో ఒక మాట అన్నాడు, అది గుచ్చుకుంది. "నువ్వు చెక్ చేయట్లేదు, ఊహిస్తున్నావ్" అన్నాడు. అన్నేసి వెళ్లి టీ పెట్టుకున్నాడు. నాకూ ఒక కప్పు పెట్టాడు, అదింకా మండింది.

మా ఆవిడ ఇక్కడ నర్సు. ఆమె వీసా మీద డిపెండెంటుగా వచ్చాను. మేముండేది కోవెంట్రీ. ట్రయంఫ్ మోటార్ సైకిళ్లు ఒకప్పుడు ఈ ఊళ్లోనే తయారయ్యేవి. 1940లో బాంబులు పడి ఫ్యాక్టరీ పోయాక పక్కనే మెరిడెన్‌లో కట్టారు, అదీ 1983లో మూతపడింది. అందుకేనేమో, పాత బళ్లని వదలని ముసలివాళ్లు ఈ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. మా షెడ్డు బతికేది వాళ్ల మీదే. ఓనరుని పేరు పెట్టి పిలవాలట. అరవై దాటిన మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాదు. సార్ అంటే ఆయనకి నచ్చదు. అందుకని పిలవకుండా, ఎదురుగా వెళ్లి నిలబడి మాట్లాడతాను.

ఆ రోజు స్టాండు మీద ఉన్నది 1982 నాటి సుజుకి జీఎస్ 850. దాని యజమాని ఏడాదిలో రెండు కొత్త బ్యాటరీలు వేయించాడు. పొద్దున బాగానే స్టార్టవుతుంది. హెడ్‌లైట్ వేసుకుని ఇరవై మైళ్లు వెళ్లేసరికి మిస్సింగ్ మొదలై, అంటే ఇంజను తడబడుతూ, ఏ సిగ్నల్ దగ్గరో ఆగిపోతుంది. మళ్లీ సెల్ఫ్ కొడితే టక్ టక్ అంటుంది తప్ప తిరగదు. నేను బండిని చూడకుండానే చెప్పేశాను, బ్యాటరీని ఛార్జ్ చేసే మాగ్నెట్ కాయిల్ పోయిందని. పాత సుజుకీలకి ఆ జబ్బుందని ఎవరైనా చెబుతారు.

బ్యాటరీ వైరు ఎందుకు పీకకూడదో టీ తాగుతూ చెప్పాడు. మాగ్నెట్ నుంచి వచ్చే కరెంటు ఎగుడుదిగుడుగా ఉంటుంది, దాన్ని మింగి నిలకడగా ఉంచేది బ్యాటరీయే. అది లేకపోతే వోల్టేజి ఒక్కసారిగా ఎగిసి, ఛార్జింగ్‌ని అదుపులో ఉంచే రెగ్యులేటరు, ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్ బాక్సు రెండూ కాలిపోవచ్చు. ఈ బండిలో నిప్పురవ్వ కోసం కరెంటుని కలిపి విడగొట్టే సీబీ పాయింట్లు లేవు, ట్రాన్సిస్టర్ ఇగ్నిషన్. బాక్సు పోతే నలభై ఏళ్ల నాటి సరుకు ఎక్కడ వెతకాలి?

నిజమే. కానీ మేం పాయింట్ల బుల్లెట్ల మీద పని నేర్చుకున్నాం. అక్కడ వైరు పీకితే మహా అయితే ఒక బల్బు పోయేది. అలవాటు చేతిది, బండి మారిందని చేతికి తెలియదు.

ఆ రోజు నుంచి నాకొక శిక్ష. ఏ పార్టూ విప్పకముందే రీడింగులన్నీ జాబ్ కార్డు మీద రాయాలి. రాయకుండా సీటు తీసినా ఊరుకోడు. మొదటివారం నాకు ఒళ్లు మండిపోయింది. మన దగ్గర కస్టమరు హెల్మెట్ చేత్తో పట్టుకుని నెత్తి మీదే నిలబడి ఉంటాడు, ఆఫీసు టైమైపోతోందని ఫోన్లో ఎవరికో చెబుతుంటాడు. అక్కడ కాగితం, పెన్ను తీసి రాసుకుంటూ కూర్చుంటే "వీడికి పని రాదు" అని పక్క షెడ్డుకి తోసుకుపోతాడు. ఇక్కడ గంటకి 60 పౌండ్లు తీసుకుంటారు, రాసుకున్న గంటకి కూడా. నాకూ అలా ఇస్తే బైండు పుస్తకం రాస్తాను. ఇదంతా మనసులో అనుకున్నదే లెండి, పైకి అనలేదు.

సరే, రాశాను. ఇంజను ఆపి ఉండగా బ్యాటరీ 12.6 వోల్టులు. ఇంజను నిమిషానికి 5000 చుట్లు తిరుగుతుండగా 12.1. కనీసం 13.5 దాటాలి, 14.5కి మించకూడదు. చూశారా, కాయిలే అన్నాను. "ఇంకా ఊహే" అన్నాడు. మాగ్నెట్ నుంచి వచ్చే మూడు పసుపు వైర్ల కనెక్టరు విప్పించి, మీటరు ఏసీ వోల్టులు చూపేలా పెట్టి జతజతకీ చూడమన్నాడు. 75, 74, 76. మూడూ సమానం. ఇంజను ఆపి, ఏ పసుపు వైరైనా బాడీకి తగులుతోందా అని చూశాను. లేదు. అంటే కాయిల్ గుండ్రాయిలా ఉంది. గుంటూరులో అయితే ఈపాటికి దాన్ని విప్పి, పక్క వీధిలో వైండింగ్ చేసే ఆయన దగ్గర పడేసి ఉండేవాణ్ని. బాగున్న కాయిల్‌ని చుట్టించి డబ్బులు తీసుకుని ఉండేవాణ్ని. అలా ఎన్ని చుట్టించానో లెక్కపెట్టదలచుకోలేదు.

తర్వాతది నాకు నిజంగా కొత్త. మీటరు డీసీలో పెట్టి, ఒక మొన రెగ్యులేటరు ఎర్ర వైరు మీద, రెండోది బ్యాటరీ ప్లస్ మీద. ఒకే వైరుకి రెండు చివర్లు, ఇంజను తిరుగుతున్నా సున్నాకి దగ్గరగా ఉండాలి కదా. 1.3 చూపించింది. రెగ్యులేటరు బాడీకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య 0.8. కూడితే 2.1. దానికి బ్యాటరీ దగ్గర కనిపించిన 12.1 కలిపితే 14.2. రెగ్యులేటరు ఇవ్వాల్సింది ఇస్తూనే ఉంది, దారిలో కారిపోతోంది. ఎర్ర వైరు జాయింటు తొడుగు జరిపితే లోపల ప్లాస్టిక్ గోధుమరంగులోకి తిరిగి, రాగి మీద పచ్చటి బూజులా పట్టి ఉంది. చలికాలంలో ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, మంచు గడ్డకట్టకుండా. అది వైర్లలోకి కూడా పోతుంది. మనకి దుమ్ము, వీళ్లకి ఉప్పు.

మిస్సింగ్ సంగతీ అలాంటిదే. ఇగ్నిషన్ ఆన్‌లో బ్యాటరీ దగ్గర 12.4 ఉంటే ఇగ్నిషన్ కాయిల్ దగ్గర నారింజ-తెలుపు వైరులో 10.5. తాళం స్విచ్చు, హ్యాండిల్ మీది కిల్ స్విచ్చు దాటుకుని వచ్చేసరికి అంతే మిగిలింది. దానికి తోడు ఛార్జింగ్ లేక బ్యాటరీ దిగిపోతుంటే ప్లగ్గులో నిప్పురవ్వ ఎక్కడిది! స్విచ్చులు విప్పి శుభ్రం చేసి, బ్యాటరీ నుంచి నేరుగా ఇగ్నిషన్ కాయిల్‌కి కరెంటు వెళ్లేలా ఒక రిలే, అంటే స్విచ్చు సైగతో పెద్ద కరెంటుని కలిపే పెట్టె, పెట్టాం. రెగ్యులేటరు కింద పెయింటు గీకి, బ్యాటరీ మైనస్‌కి వేరే ఎర్త్ వైరు లాగాం. కొత్తగా కొన్నది రిలే ఒక్కటే. మళ్లీ చూస్తే 14.1.

ఆ సాయంత్రం బస్సులో కూర్చుని మా మేస్త్రి తరఫున ఆలోచిస్తూనే ఉన్నాను. ఆయనకి మీటరు లేదు. బుల్లెట్ హెడ్‌లైట్ దగ్గర ఆంపియర్ మీటరు ముల్లు వణుకు చూసి చెప్పేవాడు, సైలెన్సరు దగ్గర అరచెయ్యి పెట్టి మిస్సింగ్ పట్టేవాడు. అది ఊహ అంటే ఎలా? నలభై ఏళ్లు చూసిన కళ్లు కూడా ఒక మీటరే కదా. ఇంటికెళ్లి ఇదే అంటే మా ఆవిడ "మరి కాయిల్ పోయిందని ఎందుకన్నావ్?" అంది. భోజనానికి లేచాను.

పోయిన నెల షెడ్డుకి ఒక 350 బుల్లెట్ వచ్చింది. మన చెన్నైలో తయారైనది. 1977 నుంచే బ్రిటన్‌కి పంపుతున్నారట వీటిని. పాయింట్లు నల్లగా మాడి ఉన్నాయి. ఎమెరీ పేపరు పెట్టి రుద్ది, అలవాటుగా పర్సు తీసి, మా పాత షెడ్డు విజిటింగ్ కార్డు పాయింట్ల మధ్య పెట్టి గ్యాప్ సెట్ చేశాను. ఒక్క కిక్కుకే అందుకుంది. వెనక ఓనరు నిలబడి ఉన్నాడని అప్పటిదాకా చూసుకోలేదు.

ఏమీ అనకుండా కార్డు తీసుకుని మైక్రోమీటరులో పెట్టాడు. 0.34 మిల్లీమీటర్లు. "0.35 నుంచి 0.40 ఉండాలి" అన్నాడు.

"నాలుగేళ్లుగా పర్సులో నలిగింది సార్, కొత్తలో సరిగ్గానే ఉండేది" అన్నాను. తొందరలో సార్ వచ్చేసింది.

జాబ్ కార్డు తీసి "గ్యాప్ 0.34, కొలిచిన పనిముట్టు: విజిటింగ్ కార్డు" అని రాసి, సందు కొలిచే ఇనుప రేకుల ఫీలర్ గేజ్ నా చేతిలో పెట్టాడు. మళ్లీ సెట్ చేశాను. శబ్దంలో తేడా నాకైతే వినపడలేదు.