చిత్రభాను మాఘం కోసం ఎగ్మోరు ప్రయాణం

ఇంటి పెద్దాయన చావు కబురు పాత పేపర్లలో వెతుకుదామని పొద్దున్నే చెన్నై ఎగ్మోరులో దిగి, ఇడ్లీ తిని, కన్నెమెరా గ్రంథాలయం దాకా నడిచాం. పాంథియన్ రోడ్డు మీద మ్యూజియం ఆవరణలోనే ఉంది, 1896లో తెరిచినది. ఆధార్ కార్డు, పెన్సిలు, భూతద్దం, తెల్ల కాగితాలు సంచిలో ఉంటే చాలు. పెన్ను తీయకపోవడమే మంచిది.

వెతికేది పేరుతో కాదు, తేదీతో. తద్దినం పెట్టే ఇళ్లలో తేదీ మరిచిపోయినా తిథి మరవరు కదా! చేతిలో ఉన్నది ‘చిత్రభాను, మాఘ బహుళ పంచమి’. చిత్రభాను అంటే 1942 అనుకుని ఆ ఏటి సంపుటం అడిగామా, రోజంతా దండగ. ఆ సంవత్సరం 1942 ఉగాదికి మొదలై 1943 ఏప్రిల్ మొదటి వారం దాకా నడిచింది. మాఘ బహుళం పడేది 1943 ఫిబ్రవరి చివరి పది రోజుల్లో, మార్చి మొదటి వారంలో. పైగా అరవయ్యేళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది, 1882లోనూ ఒక చిత్రభాను ఉంది. తాతగారా, ముత్తాతగారా అన్నది ముందే తేల్చుకోవాలి.

తేదీ దొరికాక ఆ రోజు పేపరు ఒక్కటే చూసి మూసేయకూడదు. జిల్లా వార్త టపాలో వచ్చేది, అందుకని పదిహేను రోజుల సంచికలు వరసగా తిప్పాలి. యుద్ధకాలంలో కాగితం కరువు, పేజీలు తక్కువ. చావు కబురు రెండు వరుసల్లో ఏ మూలో ఇరుక్కుని ఉంటుంది. తెలుగు పేపర్లో ‘స్వర్గస్థులైరి’, ‘పరమపదించిరి’ అన్న మాటల మీద కన్నేయాలి. ఇంగ్లీషు పేపర్లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమైపోతుంది, రావు కాస్తా ‘రో’ అవుతుంది, ఏలూరు ‘ఎల్లోర్’, కాకినాడ ‘కోకనాడ’. మద్రాసు చిరునామానీ నమ్మడానికి లేదు: 1942 ఏప్రిల్‌లో జపాను భయానికి ఊరు చాలామటుకు ఖాళీ అయింది.

కాగితం సంగతి వేరే చెప్పాలి. న్యూస్‌ప్రింటు చవక కలప గుజ్జుది, దానిలోని ఆమ్లానికి ఏళ్లు గడిచేకొద్దీ పచ్చబడి అప్పడంలా విరుగుతుంది. మడత దగ్గర మొదట పోతుంది. పేజీని పై మూల నుంచి ఎత్తి, అడుగున రెండో అరచెయ్యి పెట్టి తిప్పాలి. వేలు తడి చేసి తిప్పే అలవాటు గుమ్మం బయటే వదిలేయాలి. ఫొటో తీయనిస్తే ముందు పేజీ తలకట్టు, తేదీతో సహా తీసి, తర్వాతే వార్త. లేకపోతే ఇంటికొచ్చాక అది ఏ రోజుదో తేలదు.

ఆంధ్రపత్రిక కోసం మాత్రం ఇంత దూరం రానక్కర్లేదు. పాత సంచికలు చాలావరకు ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పుణ్యమా అని ఇంట్లోనే నెట్‌లో చూడొచ్చు. అది 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి, 1914లో మద్రాసులో దినపత్రికైంది. అంతకు ముందటి కబురు రోజువారీ సంచికల్లో వెతికి లాభం లేదు.

సాయంత్రానికి స్టేషను దారి పట్టాం. గాంధీ ఇర్విన్ రోడ్డులోనే పాత సర్కారీ కాగితాలు దాచే తమిళనాడు పురాభిలేఖాగారం కూడా ఉంది. పెద్దాయన సర్కారీ నౌకరైతే అక్కడ ఫోర్ట్ సెయింట్ జార్జి గెజిట్ అడగాలి, బదిలీలు, సెలవులు అందులో అచ్చయ్యేవి. మా తర్వాతి టిక్కెట్టు దానికే.