మైళ్లతో ఫస్ట్ క్లాస్

మూడేళ్లుగా సరుకులు, పెట్రోలు, పాప స్కూలు ఫీజు అన్నీ ఒకే క్రెడిట్ కార్డు మీద గీకి పోగేసిన మైళ్లు, అంటే విమాన టికెట్లకి వాడుకునే పాయింట్లు. మొన్న ఒక్క రాత్రిలో ఊదేశాం. వైజాగ్ నుంచి హైదరాబాద్‌కి మామూలు సీట్లే, అక్కడి నుంచి దుబాయ్‌కి ఫస్ట్ క్లాస్. అందరికీ ఫ్రీ అని చెప్పుకున్నాం గానీ పన్నులు, సర్‌చార్జీలు చేతి డబ్బులే. మైళ్ల మీద ఇచ్చే సీట్లు కొన్నే కాబట్టి, దొరికిన రోజే మా ముహూర్తం.

సీటుకి తలుపు ఉండటం చూసి అమ్మకి టెన్షన్. "తలుపేస్తే నువ్వెక్కడున్నావో ఎలా తెలుస్తుందిరా?" అని దారంతా తెరిచే ఉంచింది. కేవియర్ పెడితే చిటికెడు నోట్లో వేసుకుని, "చేపగుడ్లే కదా! మన హార్బర్‌లో కొని పులుసు పెడితే ఇంతకంటే బాగుంటాయి" అంది. ఎయిర్‌హోస్టెస్‌కి తెలుగు రాదు కాబట్టి బతికిపోయాం.

పాప సీటుని మంచం చేయడం, మళ్లీ మడవడం... నాలుగు గంటలూ ఆ బటన్‌తోనే. నేనైతే అంత మెత్తటి పరుపు మీద కూడా కన్ను మూయలేదు, పడుకుంటే మైళ్లు వృథా అయిపోతాయని!

తిరుగు ప్రయాణం ఎకానమీలోనే. పులిహోర ఎక్కడ కలుపుకోవాలా అని అమ్మ ఇప్పటి నుంచే అడుగుతోంది.